మెడ వెనుక రెండు పూసలు

మార్చి 3, సోమవారం. సాయంత్రం 5.40

మెడ కుట్టించుకున్నాను.

చెవులు కుట్టించినప్పుడు నా వయసు పదకొండు నెలలు, నన్నెవరూ అడగలేదు. ఈసారి అడిగినదీ నేనే, ఒప్పుకున్నదీ నేనే, సంతకం పెట్టినదీ నేనే. వయసు డెబ్బై రెండు.

జరిగింది ఇది. తాళాలు బాగుచేసే దుకాణానికీ జిరాక్సు దుకాణానికీ మధ్య ఒక అద్దాల గది కొత్తగా వెలిసింది. ఒళ్ళు కుట్టే దుకాణమట. పనిముట్లు ఎలా శుభ్రం చేస్తున్నారో చూద్దామని లోపలికి వెళ్ళాను. ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్సు చేయించిన మనిషికి ఆ హక్కు ఉంటుంది. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు ఉంది. సూదులు తేదీ వేసిన పొట్లాల్లో ఉన్నాయి. మా కాలేజీలో కత్తెరలు హాజరు పట్టీల బీరువాలో ఉండేవి. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క చికాకుపడుతూ ఉండగా ఆ కుట్టే అమ్మాయి నోరు విప్పింది.

"మనవరాలి కోసం చూస్తున్నారా, మామ్మగారూ?"

"నాకోసమే," అన్నాను.

అప్పటివరకు నాకు ఆ ఉద్దేశం లేదు. ఆ ప్రశ్న తరవాత వేరే ఉద్దేశం లేకుండా పోయింది.

చోటు: మెడ వెనుక, జుట్టు ఆగిపోయే చోటికి రెండంగుళాల కింద. కాలేజీలో చదువుకునే రోజుల్లో నా వెనక బెంచీలో కూర్చున్న ఒకామె, నీ మెడ వెనక భాగం భలే గర్వంగా ఉంటుందని ఒకసారి అంది. నా ముఖం గురించి ఎవరూ ఎన్నడూ ఏమీ అనలేదు. ఉన్న ఆస్తికే అలంకారం.

నిర్మాణం: చర్మం పైపొర కింద అడ్డంగా పోయే చిన్న లోహపు కమ్మీ, రెండు చివరలా రెండు పూసలు. పూసలు మాత్రమే బయటికి కనిపిస్తాయి.

నొప్పి: చెప్పుకోదగినంత లేదు. ఉన్నా చెప్పను.

ఆమె ఒక సంరక్షణ కాగితం ఇచ్చింది. మానడానికి పన్నెండు వారాలు పడుతుందట. కాగితంలో నాలుగు అక్షరదోషాలు ఉన్నాయి. ఎర్రసిరాతో దిద్ది ఆమెకే ఇచ్చి, నాకోసం ఇంకొకటి తీసుకున్నాను.

నా నియమాలు:
1. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు. ఉప్పునీటితో శుభ్రం. తరవాత కాగితపు తువ్వాలుతో అద్దడం. దూది వాడరాదు, పోగులు చిక్కుకుంటాయి.
2. తాకరాదు. తిప్పరాదు. గోకరాదు.
3. స్పిరిట్టు, పూతమందు, పౌడరు నిషిద్ధం.
4. వెల్లకిలా పడుకోరాదు.
5. ఎవరి సహాయమూ తీసుకోరాదు.

అయిదవది కాగితంలో లేదు. నేను చేర్చాను.

7.15

అమ్మాయి వచ్చింది. నా ఒక్కగానొక్క కూతురు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఇన్సూరెన్సు ఆఫీసులో అధికారిణి. ప్రపంచంలో ప్రతి మెట్టూ జారేదే అన్న నమ్మకం మీద జీతం తీసుకుంటుంది. ఆరు నెలలుగా వాళ్ళింట్లో ఒక గది నాకోసం ఖాళీ చేసి, కర్టెన్లు కట్టి కూర్చుంది. నేను ఈ మూడో అంతస్తు ఫ్లాటులో ఒంటరిగా ఉండటం దాని లెక్కల్లో ఒక ప్రమాదం.

"అమ్మా, మెడ మీద ఏంటది?"

"పూసలు."

"అంటించుకున్నావా?"

"కుట్టించుకున్నాను."

కుర్చీలో కూలబడింది. నీళ్ళు అడిగింది. తెచ్చుకోమన్నాను.

"సరే, అయిందేదో అయింది," అంది చివరికి. "రోజూ ఎలా కడుగుతావ్? నీ మెడ నీకే కనబడదు."

"అద్దాలు దేనికి?"

"పన్నెండు వారాలు, రెండు పూటలా, నువ్వొక్కదానివే?"

"నేనొక్కదాన్నే. ఇంకొకరి చేయి దీని మీద పడనివ్వను. పడిన రోజున ఈ ఫ్లాటు ఖాళీ చేసి నీ కర్టెన్ల గదికి వచ్చేస్తాను. పన్నెండు వారాలూ గడిస్తే ఆ గది మాట నువ్వు మళ్ళీ ఎత్తకూడదు."

"నిజంగానేనా?"

"రాసుకో."

ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? సంచీలోంచి కాగితం తీసి నిజంగానే రాసింది. ఇద్దరం సంతకాలు చేశాం.

నేటి మార్కులు: పదికి పది.

మార్చి 4, మంగళవారం. ఉదయం 9.00

ఉప్పునీళ్ళు కొనుక్కోవాలని రాశారు కాగితంలో. ఉప్పూ నీళ్ళూ కొనుక్కోవడం. దీనికి ఒక పరిశ్రమ కూడా ఉందట.

నేనే తయారుచేశాను. తొంభై గ్రాముల ఉప్పు, ఒక లీటరు కాచిన నీరు. ఇది స్టాకు, అంటే కావలసినదానికి పది రెట్లు గాఢమైనది. దీన్ని వంద మిల్లీలీటర్లు తీసుకుని, తొమ్మిది వందల నీటితో పలుచన చేస్తే ఒంటికి సరిపోయే ఉప్పునీరు వస్తుంది. మా ల్యాబులో ఎప్పుడూ ఇదే పద్ధతి.

పెద్ద గోధుమరంగు గాజుసీసా కడిగి ఆరబెట్టాను. అందులోకి వంద కొలిచి పోశాను. లేబులు రాసి అంటించాను:

ఉప్పునీరు. వాడుకకు.
తయారుచేసినది: (సంతకం)
పరిశీలించినది: (సంతకం)

రెండు సంతకాలూ నావే. ల్యాబులోనూ అంతే. నేను తయారుచేసినదాన్ని పరిశీలించగలవాళ్ళు ఆ కాలేజీలో ఇంకెవరున్నారు కనుక.

తొమ్మిది వందల నీళ్ళు పొయ్యి మీద కాగుతున్నాయి.

10.20

ఫిజిక్స్ వచ్చింది. ఎదురు ఫ్లాటు. మా కాలేజీలోనే పనిచేసింది. ఇద్దరం పేర్లు మరిచిపోయి నలభై ఏళ్ళయింది. ఆమె నన్ను జువాలజీ అంటుంది. పొయ్యి మీద నీళ్ళు చూసి, "నాకోసమే పెట్టినట్టున్నావే," అంటూ అడక్కుండా టీ కలిపేసింది. రెండు కప్పులు తనే తాగింది. మెడ చూసి, "ఇనుప ముక్క మీద పిడుగు పడుతుంది జాగ్రత్త," అంది. ఇనుము కాదు, టైటానియం అన్నాను. పిడుగుకి అంత చదువు లేదంది.

సాయంత్రం 6.00

మొదటి శుభ్రత. వెనక డ్రెస్సింగు బల్ల అద్దం, ముందు చేతి అద్దం. ఒక మూతెడు నీళ్ళు, నాలుగు మిల్లీలీటర్లు, సరిగ్గా గురిచూసి పోశాను. గొప్ప మంట. పనిచేస్తున్నట్టు లెక్క. కాగితంలో "మంట ఉండకూడదు" అని ఉంది. సున్నితమైన తరం.

సీసా అనుకున్నంత బరువు లేదు. నా వయసు గురించి మాట్లాడేవాళ్ళు వచ్చి, ఒంటిచేత్తో నేను ఎత్తుతుంటే చూడాలి.

పదికి పది.

మార్చి 5, బుధవారం

ఉదయం 6.00: అయింది.
సాయంత్రం 6.00: అయింది.

కళ్ళద్దాల గొలుసు పూసకు తగులుకుంది. విడదీయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈ ఇంట్లో నేను తిట్టదగిన మనిషి లేకపోవడం ఇదే మొదటిసారి లోటుగా తోచింది. ఇకమీదట శుభ్రం చేసేటప్పుడు కళ్ళద్దాలు తీసివేస్తాను. చేయి దారి నేర్చుకుంది, కన్ను అనవసరం.

మార్చి 6, గురువారం

బోర్లా పడుకోవడం వల్ల ముక్కు ఎర్రబడింది. పాలవాడు పడిశమా అని అడిగాడు. కాదు, అలంకారం అన్నాను.

పది.

మార్చి 8, శనివారం. ఉదయం 6.20

మంట తగ్గలేదు. చుట్టూ చర్మం తెల్లగా, తోలులా ఎండినట్టుంది. అద్దంలో అలా కనిపించింది. అయితే కళ్ళద్దాలు లేవు, అద్దాలు రెండు, వాటి మధ్య మెడ ఎవరిదో మెడలా ఉంది. ఎడమ పక్క అద్దబోతే చేయి కుడి పక్కకు పోయింది. తన మెడ వెనుక భాగాన్ని తానే చూసుకోలేని నిర్మాణం గురించి ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పి, ఒక్కసారీ అభ్యంతరం తెలపలేదు.

తొమ్మిది. చర్మానికి ఒకటి తగ్గించాను.

మార్చి 10, సోమవారం. రాత్రి 8.00

ఆరు గంటల శుభ్రత జరగలేదు.

కారణాలు:
అ) బ్యాంకులో రెండు గంటలు నిలబెట్టారు.
ఆ) చేయి పైకి లేవడం లేదు, భుజం పట్టేసింది.
ఇ) వారం రోజులు నిర్విరామంగా పనిచేసిన గాయానికి ఒక పూట సెలవు న్యాయం.

మూడో కారణం నాకు నచ్చింది. రేపు ఉదయం రెండు మూతలు పోస్తే సరి.

తొమ్మిది.

మార్చి 11, మంగళవారం

ఉదయం రెండు మూతలు. కళ్ళనీళ్ళు వచ్చాయి. క్రమశిక్షణకు నొప్పి తెలుస్తుంది, నొప్పికి క్రమశిక్షణ తెలియదు. ఈ వాక్యం బాగుంది, ఏ అర్థమూ లేకపోయినా.

సాయంత్రం మానేశాను. ఫిజిక్స్ పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చి గంటన్నర కూర్చుంది.

ఎనిమిది.

మార్చి 12, బుధవారం

రెండు మూతలు. సాయంత్రం మానేశాను. ఏ కారణమూ రాయను. ఇది నా డైరీ. దీనికి సంజాయిషీ అక్కర్లేదు.

మార్చి 13, గురువారం. మధ్యాహ్నం 2.00

ఉదయం రెండు మూతలు. తరవాత తాకాను.

ఎడమ పూస పక్కన పొక్కు కట్టింది. గోరుతో కొంచెం ఎత్తి చూశాను. అంటే గోకాను. అంతటితో ఆగక పూసను కొంచెం తిప్పాను, కదులుతోందో లేదోనని. కదిలింది. కదలకూడదు.

రెండో నియమం పోయింది. దాన్ని రాసినదాన్ని నేనే గనుక సవరించే అధికారమూ నాదే: "అనవసరంగా తాకరాదు."

5.30

స్పిరిట్టు పూశాను. మూడో నియమానికి కూడా సవరణ.

మార్కులు వేయడం వాయిదా వేస్తున్నాను. పరీక్షకురాలికి ఆరోగ్యం బాగా లేదు.

మార్చి 15, శనివారం. సాయంత్రం 7.30

అమ్మాయి వచ్చింది.

మెడ దాకా కాలరున్న చొక్కా వేసుకున్నాను. కాలరు రాసుకున్న ప్రతిసారీ ప్రాణం గిలగిలలాడింది. అది ఉన్న గంటా గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. టీ తేవలసి వచ్చినప్పుడు వంటగదిలోకి వెనక్కి వెనక్కి నడిచాను.

"ఏంటమ్మా, దర్బారులో రాజుగారి దగ్గర సెలవు తీసుకున్నట్టు వెనక్కి నడుస్తున్నావ్?"

"మోకాళ్ళకు వ్యాయామం. డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"నీకు తెలియదు."

"నీకున్న డాక్టరు ఒక్కడే. నాకు తెలుసు."

"కొత్తవాడు."

టీ తాగింది. తలుపు దగ్గర నిలబడి, "మెడ ఎలా ఉంది?" అని అడిగింది.

"చాలా బాగుంది."

"చూపించు."

"కాగితంలో చూపించాలని లేదు. చేయి పడకూడదనే ఉంది."

అది సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగి పోయింది. అబద్ధం ఆడినట్టు అనిపించలేదు. ఉప్పునీళ్ళు పోసినట్టు మండింది.

మార్చి 16, ఆదివారం. ఉదయం 11.00

మెట్ల దగ్గర ఫిజిక్స్ వెనకనుంచి పట్టుకుంది.

"జువాలజీ, ఆగు. నీ మెడ మీద ఎర్ర దీపం వెలుగుతోందే."

"వెలుగు నీ శాఖ. నువ్వే చూసుకో."

"హాస్యం తరవాత ఆడుదువుగానిలే. బాగా వాచింది. రా, నేను కడుగుతాను."

"నీ చేయి పడితే నేను ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"చేతికి గ్లౌజు తొడుక్కుంటా. అప్పుడు పడేది రబ్బరు."

ఒప్పందంలో ఆ సందు ఉందని నాకు ముందే తోచింది. వాడుకోలేదు. నలభై ఏళ్ళుగా నా ప్రతి ప్రయోగానికీ వంక పెడుతూ వచ్చిన మనిషి చేతికి నా మెడ అప్పగించడం కంటే ఆ మెడను కోసుకోవడం నయం.

సాయంత్రం 6.00: ఒక మూత. వంచగా వంచగా వచ్చింది.

మార్చి 17, సోమవారం. ఉదయం 6.10

సీసా ఖాళీ.

6.40

లెక్క కుదరడం లేదు.

సీసా లీటరుది. మూత నాలుగు మిల్లీలీటర్లు. రోజుకు రెండు పూటలు, ఎనిమిది. లీటరు నూట ఇరవై అయిదు రోజులు రావాలి. ఈ డైరీ తిరగేసి మూతలు లెక్కపెట్టాను. మానిన పూటలు మూడు, మరునాటి రెట్టింపులు మూడు. మొత్తం ఇరవై అయిదు మూతలు. అంటే వంద మిల్లీలీటర్లు.

సీసాలో వందే ఉంది.

కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగో తేదీ పేజీ మళ్ళీ చదివాను. వంద స్టాకు పోశాను. లేబులు అంటించాను. తొమ్మిది వందల నీళ్ళు పొయ్యి మీద కాగుతున్నాయి. తరవాత టీ.

నీళ్ళు పోయలేదు. పలుచన చేయలేదు. పదమూడు రోజులు నా మెడ మీద నేను పోసుకున్నది పది రెట్ల ఉప్పు.

గాఢమైన ఉప్పునీటిలో రక్తకణాన్ని వేస్తే దానిలోని నీరంతా బయటికి పోయి అది ముడుచుకుపోతుంది. ఏటా జూలైలో ఈ ప్రయోగం చేయించాను. ముప్పై ఒక్క జూలైలు. బొమ్మ వేయని పిల్లలకు సున్నా వేశాను.

8.00

నన్ను వేధిస్తున్నది పొరపాటు కాదు. పొరపాట్లు నేనూ చేస్తాను, ఏడాదికి ఒకటి. వేధిస్తున్నది ఇది: లేబులు అంటించాక పని మిగిలి ఉందన్న ఊహ నాకు ఒక్క క్షణం కూడా రాలేదు. ల్యాబులో ఎప్పుడూ ఇలా జరగలేదు. ఎందుకు జరగలేదు?

9.30

మా పాత ల్యాబు అటెండరుకు ఫోను చేశాను. నా తరవాత రెండేళ్ళకు రిటైరయ్యాడు. గొంతు వెంటనే గుర్తుపట్టాడు.

"మేడమ్, బాగున్నారా? పిల్లలు బాగున్నారా?"

"ఒక్కతే పిల్ల, బాగానే ఉంది. నీకొక ప్రశ్న. ఉప్పునీళ్ళ స్టాకు చేశాక, వాడుక సీసాలో వంద పోసి లేబులు అంటించి నేను వెళ్ళిపోయేదాన్ని కదా. ఆ తరవాత ఏం జరిగేది?"

"ఏముంది మేడమ్. మీరు స్టాఫ్ రూముకి వెళ్ళాక నేను నీళ్ళు పోసి నింపేవాణ్ణి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. మొదట్లో ఒకసారి మీరే వచ్చి నింపుతారేమోనని సాయంత్రం దాకా చూశాను. మర్నాడు పిల్లలు ప్రాక్టికల్సుకి వచ్చేస్తారు కదా, ఇంక నేనే పోసేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటారు? లేబులు మీద మీ సంతకం అప్పటికే ఉండేది. రెండు చోట్లా."

ఖాళీ సీసాను లేబులు కనబడేలా నా వైపు తిప్పుకున్నాను.

"సరిగ్గా కలిసిందో లేదో నీకెలా తెలిసేది?" అని అడిగాను.

"ఒక చుక్క నాలిక మీద వేసుకునేవాణ్ణి. చెమటంత ఉప్పగా ఉంటే సరిపోయినట్టే."

"ల్యాబులో రుచి చూడటం నిషేధం. గోడ మీద బోర్డు పెట్టించాను."

"ఆ బోర్డు గోడకి కొట్టింది నేనే మేడమ్," అన్నాడు. నవ్వాడు. నేను నవ్వలేదు. ఫోను పెట్టేశాక కూడా నవ్వలేదు.

ఎవరి మీదా ఆధారపడకుండా ముప్పై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేశానని వీడ్కోలు సభలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. అతను వెనక వరసలో కుర్చీలు సర్దుతూ ఉన్నాడు. అతనూ కొట్టాడు.

సాయంత్రం 5.00

కుట్టే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. దీపం దగ్గరికి లాగి చూసింది.

"దీని మీద ఏం పోశారు మేడమ్?"

మామ్మగారూ అనడం మానేసింది. అంతవరకు నయం.

"ఉప్పునీళ్ళు."

"ఎంత ఉప్పు? సముద్రమంతా?"

"సముద్రానికి రెండున్నర రెట్లు," అన్నాను. తప్పు చేసినా కొలత సరిగ్గా చెప్పాలి.

చేతికి గ్లౌజులు తొడుక్కుంది. సరైన ఉప్పునీళ్ళతో కడిగింది. మంట లేదు. చల్లగా ఉంది. రెండు వారాలుగా ఇలా ఉండవలసిందన్నమాట. ఆమె చేయి నా మెడ మీద పడిందని నాకు తెలుసు. రబ్బరు అని వాదించను. ఒప్పందం ముగిసింది.

"ఎడమ పక్క కమ్మీ కొంచెం పైకి వచ్చింది," అంది. "ఒంటికి నచ్చనిదాన్ని ఒళ్ళు మెల్లగా బయటికి తోసేస్తుంది. రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే తీసేద్దాం."

నచ్చనిదాన్ని బయటికి తోసే ఒళ్ళు. నాదే, అనుమానం లేదు.

"రోజూ ఎవరో ఒకరు దీన్ని చూడాలి మేడమ్. మీకు కనబడదు."

"అద్దాలున్నాయి."

"అద్దాలుండగానే కదా ఇలా అయింది?"

వైవాలో ఇలాంటి ప్రశ్నలు నేను వేసేదాన్ని. జవాబు రాకపోతే, తరవాతివాళ్ళను పంపించు, అనేదాన్ని. ఆమె ఆ మాట అనలేదు. కాగితం ఇచ్చింది, కొత్త ప్రతి. నేను దిద్దిన నాలుగు తప్పులూ సరిచేసి అచ్చు వేయించింది.

మార్కులు: సున్నా.

మార్చి 18, మంగళవారం. ఉదయం 10.00

పెట్టె సర్దాను. బట్టలు, రెండు అద్దాలు, మైక్రోస్కోపు, ఈ డైరీ. ఓడినవాళ్ళు ఓడామని చెప్పే పద్ధతి ఒకటుంటుంది. సాకులు చెబుతూ ఓడటం విద్యార్థుల పని. అమ్మాయికి ఫోను చేసి, ఆఫీసుకు సెలవు పెట్టి, సంతకాల కాగితం పట్టుకుని రమ్మన్నాను.

12.30

వచ్చింది. కాలరు లేని చొక్కాతో, దానికి వీపు తిప్పి నిలబడ్డాను.

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. పడిశం అయి ఉండవచ్చు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"పది రోజుల నుంచి."

"శనివారం నేనొచ్చినప్పుడు కూడానా?"

"అప్పుడూ ఇలాగే ఉంది. నిన్న ఆ కుట్టే అమ్మాయి చేయి పడింది. నేను ఓడిపోయాను. పెట్టె సర్దేశాను, పద."

కదలలేదు. సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటోంది. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచినప్పుడు ఇలాగే చేసేది.

"ఇవాళే అంటే ఎలా అమ్మా," అంది.

"ఆరు నెలలుగా ఇవాళే రమ్మంటున్నావుగా?"

"ఆ గదిలో ట్రెడ్‌మిల్లు పెట్టేశాం."

"ఎప్పుడు?"

"నువ్వు సంతకం పెట్టిన మర్నాడు. మీ అల్లుడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. నువ్వలా కాగితం మీద సంతకం పెట్టాక, ఇంక ఆ గది ఖాళీగానే ఉంటుందిలే అని…"

"అంటే?"

"అంటే నువ్వు ఓడిపోతావని నేననుకోలేదమ్మా."

ఇన్సూరెన్సు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి వేసిన అంచనా ఇది. ఆ ఆఫీసు భవిష్యత్తు తలుచుకుంటే బెంగగా ఉంది.

పెట్టె మీద కూర్చున్నాను. వేరే కుర్చీ ఉంది. అయినా పెట్టె మీదే కూర్చున్నాను.

"మరి ఆ కర్టెన్లు?" అని అడిగాను.

"ఉన్నాయి. ఆయన వాటికి తువ్వాలు ఆరేసుకుంటున్నాడు."

అమ్మాయి అభిరుచి నాకెప్పుడూ నచ్చలేదు. ఆ కర్టెన్లకు అదే సరైన ఉపయోగం.

"ట్రెడ్‌మిల్లు రేపు తీయించేస్తా," అంది.

"అక్కర్లేదు. అల్లుడి పొట్ట నేను చూశాను. గది అవసరం నాకంటే దానికే ఎక్కువ."

అది నవ్వింది. తరవాత నవ్వు ఆపుకుని, ఆఫీసు గొంతు తెచ్చుకుంది.

"అయితే నేను పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు వస్తా. సాయంత్రం మళ్ళీ వస్తా."

"దేనికి?"

"చూడటానికి."

"చూడవచ్చు. తాకకూడదు."

"తాకకుండా ఎలా కడగనమ్మా?"

"కడిగేది నేను. ఎడమకో కుడికో నువ్వు చెప్పు."

"సరే."

"ఎలా ఉందో ఉన్నట్టు చెప్పాలి. నేను బాధపడతానని తగ్గించకూడదు. నేను భయపడాలని పెంచకూడదు."

"సరేనమ్మా. ఇది కూడా రాసుకోనా?"

"రాసుకో."

పాత కాగితం వెనక రాసింది. ఇద్దరం సంతకాలు చేశాం. పెట్టె విప్పడానికి సహాయం చేస్తానంది. అది నేనే విప్పుకోగలనన్నాను. మూత బిగుసుకుంది. అది వచ్చి ఒక పక్క పట్టుకుంది. ఈ విషయం ఒప్పందం పరిధిలోకి రాదు.

మార్చి 19, బుధవారం. ఉదయం 5.15

మొదటి రోజు. పన్నెండు వారాలు ఈరోజు నుంచి.

నియమాలు:
1. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు. సవరణలు లేవు.
2. తాకరాదు. "అనవసరంగా" అన్న మాట కొట్టివేయడమైనది.
3. స్పిరిట్టు నిషిద్ధం. సీసా ఫిజిక్స్‌కు ఇచ్చేశాను. దేనికంది. పిడుగులకు అన్నాను.
4. వెల్లకిలా పడుకోరాదు.
5. ఎవరి సహాయమూ తీసుకోరాదు, ఉదయం ఆరు, సాయంత్రం ఆరు మినహా.

5.40

సీసా కడిగాను. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాను, గొలుసు మాత్రం తీసేశాను. వంద స్టాకు. తొమ్మిది వందలు కాచి చల్లార్చిన నీళ్ళు. చల్లారేదాకా పొయ్యి పక్కనే నిలబడ్డాను, ఎదురింటి తలుపు మీద ఒక కన్ను వేసి. పోశాను. కలిపాను. సీసా ఎత్తి చూశాను. బరువుగా ఉంది. రెండు చేతులూ పట్టాయి.

లేబులు రాశాను.

ఉప్పునీరు. వాడుకకు.
తయారుచేసినది: (సంతకం)
పరిశీలించినది:

రెండో గీత ఖాళీగా వదిలాను.

6.05

అమ్మాయి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ మాట అన్నాను. ఆయాసపడుతూ, మూడు అంతస్తులు ఎక్కాలి కదా అంది. అది నా తప్పు కాదన్నాను.

అటెండరు చెప్పిన పరీక్ష దానికి వివరించాను. ఒక చుక్క వేలి మీద వేసుకుని నాలికకు తగిలించింది. కళ్ళు మూసుకుని ఆలోచించింది, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు.

"చెమటంతే ఉందమ్మా. సరిగ్గా ఉంది."

వీపు తిప్పి కూర్చున్నాను. ఒక మూత పోశాను. "కొంచెం ఎడమకి," అంది. "ఇంకొంచెం. ఆ, అక్కడే." కాగితపు తువ్వాలుతో అద్దాను. మంట లేదు.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"ఎర్రగానే ఉంది. నిన్నటికంటే తగ్గలేదు. పెరగలేదు కూడా."

తగ్గించలేదు. పెంచలేదు.

కలం ఇచ్చి లేబులు చూపించాను. రెండో గీత మీద సంతకం పెట్టింది. సగం గీత కిందికి జారింది, చివర్లో తోక లేబులు దాటి గాజు మీదికి పోయింది. ఇరవై రెండేళ్ళుగా పెద్ద పెద్ద పాలసీల మీద ఈ సంతకమే పెడుతోంది కాబోలు.

ఎర్రసిరా కలం నా చేతిలోనే ఉంది. దిద్దలేదు.